హీరో కవచం పగలదేం?

సినిమా కోసం చేసిన కవచాన్ని మొదటిసారి చేతిలోకి తీసుకున్నవాళ్లకి నవ్వొస్తుంది. చూపుకి పది కిలోల ఇనుములా ఉంటుంది, ఎత్తితే ప్లాస్టిక్ బకెట్టంత బరువుండదు. లోపలంతా ఫైబరో ఫోమో. పైన నల్లరంగు, దానిమీద వెండిరంగు, అంచుల్లో పొడి కుంచెతో లాగిన రాపిడి గీతలు. ఫిల్మ్ నగర్ ఆర్ట్ డిపార్ట్‌మెంట్లకి ఇది మామూలు పనే. రెండు మిల్లీమీటర్ల ఉక్కు రేకు చదరపు మీటరుకి దాదాపు 16 కిలోలు తూగుతుంది, టైటానియం అయినా 9 కిలోలు. అది తొడుక్కుని రోప్ మీద వేలాడుతూ రోజంతా ఫైట్ చేయడం ఎవరి తరం? నిజంగా నడవాల్సిన వస్తువుకి మాత్రం బరువు తప్పదు. ‘కల్కి 2898 ఏడీ’ (2024) కోసం తయారైన బుజ్జి అనే కారు సుమారు ఆరు టన్నులు!

అసలు ప్రశ్న ఇది: తేలిగ్గా ఉండాలి, తూటా తగిలినా గీత పడకూడదు. మార్వెల్ కథల్లో వైబ్రేనియం, స్టార్ వార్స్‌లో బెస్కార్ అలాంటివే. మనకీ కొత్త కాదు, కర్ణుడికి పుట్టుకతోనే ఉంది. మరి లోహశాస్త్రం అలాంటిదాన్ని ఎందుకు ఇవ్వలేకపోతోంది?

ముందు తూటా సంగతి చూద్దాం. ఎనిమిది గ్రాముల తూటా సెకనుకి 700 మీటర్ల వేగంతో వస్తే దాని శక్తి సుమారు 2,000 జౌళ్లు. యాభై కిలోల సిమెంటు బస్తా నాలుగు మీటర్ల ఎత్తునుంచి పడినంత. వింత ఏమిటంటే, అదే శక్తితో అర లీటరు నీళ్లు కాస్తే ఒక్క డిగ్రీ వేడెక్కుతాయి, అంతే. అంటే ప్రమాదం శక్తి మొత్తంలో లేదు. అది వేలికొనంత చోట, సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ సమయంలో దిగడంలో ఉంది. వైబ్రేనియం దెబ్బని ‘మింగేస్తుంది’ అంటారు కథలో. మింగింది ఎక్కడికి పోతుందో కథ అంతగా పట్టించుకోదు. నిజమైన కవచం పని మింగడం కాదు, పరచడం.

ఇక్కడే చిక్కు. సత్తు గిన్నె జారిపడితే సొట్టపోతుంది, ఆవకాయ జాడీ జారితే ముక్కలవుతుంది. లోహంలో పరమాణువుల వరుసలు ఒకదానిమీద ఒకటి జారతాయి కాబట్టి దెబ్బ ఒంపుగా మారుతుంది. పింగాణీలో బంధాలు బిగుసుకుపోయి ఉంటాయి, జారడానికి దారి లేదు, అందుకే పగులుతుంది. ఉక్కుని మరీ గట్టిపరిచినా ఇదే తంతు: జారడాన్ని అడ్డుకున్నకొద్దీ పెళుసుదనం పెరుగుతుంది. గట్టిదనం, సాగే గుణం రెండూ నిండుగా ఒకేచోట దొరకడం కష్టం.

దొరకనప్పుడు రెండింటినీ పొరలుగా పేర్చుకోవాలి. బోరాన్ కార్బైడ్ అనే సిరామిక్ అల్యూమినియం కన్నా తేలిక, ఉక్కు కన్నా ఎంతో గట్టిది. కింద పడితే జాడీ లాంటిదే. దాన్ని ముందు పలకగా పెడతారు. తూటా మొన దానికి తగిలి మొద్దుబారుతుంది, చిట్లుతుంది. పలక కూడా పగులుతుంది. పగుళ్లు శంఖాకారంగా లోపలికి విచ్చుకుంటూ వేలికొనంత దెబ్బని అరచేయంత చేస్తాయి. వెనకున్న పీచుపొర సాగి మిగిలిన వేగాన్ని పట్టుకుంటుంది. పలక పగలకపోతే కవచం పనిచేయనట్టే!

ఈ విద్య కోసం కథలో వైబ్రేనియం దొరికే వాకాండాకి వెళ్లక్కర్లేదు. ఫిల్మ్ నగర్‌కి హైదరాబాద్ ఆ చివర కంచన్‌బాగ్ ఉంది. అక్కడి రక్షణ లోహ పరిశోధనశాల, డీఎంఆర్‌ఎల్, అర్జున్ ట్యాంకుకి తయారుచేసిన పొరల కవచానికి పేటని బట్టే ‘కాంచన్’ అని పేరొచ్చింది. పొరల కూర్పు రహస్యం. బంగారం అని అర్థమొచ్చే పేరు, అందులో బంగారం పిసరంత ఉంటుందని నేననుకోను. పక్కనే 1973లో పుట్టిన మిధానీ, అంటే మిశ్రధాతు నిగం, ప్రత్యేక ఉక్కులు, టైటానియంతోపాటు సైనికులకి ‘భాభా కవచ్’ కూడా తయారుచేస్తుంది.

తూటా దెబ్బ తిన్న సిరామిక్ పలకని ఇక నమ్మరు, తీసేసి కొత్తది వేస్తారు. సినిమా కవచానికీ రెండుమూడు నకళ్లు ఉంచుతారు. కాకపోతే నిన్నటి షాటులో భుజం మీదున్న గీత ఇవాళ్టి నకలు మీద కూడా సరిగ్గా అక్కడే ఉండాలి, లేదంటే కంటిన్యుటీ చూసేవాళ్లు ఊరుకోరు.