అప్పు ఇచ్చేది యాప్ కాదు

పోయిన ఏడాది రంజాన్‌కు ముందు ఒక సాయంత్రం, మా బడిలో ఏడో తరగతి చదివే పిల్లవాడి తండ్రి మా ఇంటికి వచ్చాడు. నర్సీపట్నం ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఆటో నడుపుతాడు. పిల్లవాడి చదువు గురించి మాట్లాడటానికి వచ్చాడనుకున్నాను. కూర్చోమన్నా కూర్చోలేదు. ఫోన్ నా చేతిలో పెట్టి, "మాస్టారూ, దీన్ని ఎలాగైనా ఆపండి" అన్నాడు. అతని బావమరిదికి ఎవరో పంపిన మెసేజ్ అది. ఇతను దొంగ అని, అప్పు ఎగ్గొట్టి తిరుగుతున్నాడని రాసి, కింద అతని ఆధార్ కార్డు ఫోటో పెట్టారు.

ఆటో రిపేరుకు డబ్బు కావలసి, ఫోన్‌లో ప్రకటన చూసి యాప్ వేసుకున్నాడట. 5,000 మంజూరైందన్నారు. ఫీజు కింద కోసుకోగా చేతికొచ్చింది 3,200. ఏడు రోజుల్లో 5,000 కట్టాలి. పాత అలవాటు కొద్దీ కాగితం తీసుకుని లెక్క వేశాను. 3,200కు వారానికి 1,800 అంటే నూటికి యాభై ఆరు రూపాయల పావలా, అదీ ఒక్క వారానికి. మన ఊళ్లో నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అంటేనే గుండె గుభేలుమంటుంది. అది ఏడాదికి 24 శాతం. ఇతను ఒప్పుకున్నది ఏడాదికి 2,900 శాతం పైమాట. వడ్డీ హరామ్ అని తెలిసిన ఇంటివాడే. అక్కడ వడ్డీ అన్న మాటే లేదు, ఫీజు అని ఉంది.

ఇది ఒక్కడి కథ కాదు. 2020 డిసెంబరులో తెలంగాణలో ఇలాంటి యాప్‌ల వేధింపులకు తాళలేక కొందరు ప్రాణాలు తీసుకుంటే, పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు. ఆ నెల 23న రిజర్వు బ్యాంకు ప్రజలను హెచ్చరించింది. తర్వాత అది నియమించిన బృందం పరిశీలిస్తే, దొరికిన సుమారు 1,100 అప్పుల యాప్‌లలో 600 చట్టవిరుద్ధమైనవే. అయినా 2022 సెప్టెంబరులో మన రాజమహేంద్రవరంలో భార్యాభర్తలిద్దరు ఇదే కారణంతో పిల్లలను అనాథలను చేసి వెళ్లిపోయారు.

నాకు అర్థమైనంతలో అసలు సంగతి ఇది. యాప్ అప్పు ఇవ్వదు. అది దుకాణం ముందు బోర్డు లాంటిది. అప్పు ఇచ్చే అధికారం బ్యాంకుకో, రిజర్వు బ్యాంకు దగ్గర రిజిస్టరైన ఎన్‌బీఎఫ్‌సీకో, చట్టం అనుమతించిన మరో సంస్థకో మాత్రమే ఉంటుంది. కాబట్టి యాప్‌కు ఎన్ని నక్షత్రాలు వచ్చాయి, ఎంతమంది వేసుకున్నారు అన్నది చూడటం దండగ. వెనక ఏ సంస్థ ఉందో చూడాలి. పేరు కనబడకపోతే అక్కడితో సరి. కనబడినా వెంటనే నమ్మకూడదు, దొంగ యాప్‌లు అసలైన సంస్థల పేర్లు కూడా వాడుకుంటాయి. అందుకని వెనక నుంచి ముందుకు రావాలి. ఆ సంస్థ సొంత వెబ్‌సైట్ తెరిచి, తన యాప్‌ల జాబితాలో ఇది ఉందేమో చూడాలి. ఆ జాబితా పెట్టి తీరాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. 2025 జూలై నుంచి రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌లోనూ ఇలాంటి జాబితా ఉంది. అయితే అది సంస్థలు తామే ఇచ్చిన వివరాలతో తయారైనది. యాప్ మంచిదని రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్టిఫికెట్ అనుకోవద్దు.

రెండో పరీక్ష మన ఫోన్‌లోనే ఉంది. కేవైసీ కోసం ఒక్కసారి కెమెరా అడగవచ్చు. ఫోన్‌లోని నంబర్లు, ఫోటోలు, కాల్ వివరాలు ముట్టుకోవడానికి మాత్రం వీల్లేదు. గూగుల్ ప్లే స్టోర్ కూడా 2023 మే 31 నుంచి అప్పుల యాప్‌లు నంబర్లు, ఫోటోలు ముట్టుకోవడాన్ని నిషేధించింది. "కాంటాక్ట్స్ చూడనివ్వాలి" అని అడిగిందంటే, రేపు మీ బావమరిదికి వెళ్లే మెసేజ్‌కు ఈరోజే అడ్రసు తీసుకుంటోందన్నమాట. వాట్సాప్‌లో వచ్చిన లింకు నొక్కి ఏ యాప్‌నూ వేసుకోవద్దు.

డబ్బు దారి కూడా చూడాలి. అప్పు సంస్థ ఖాతా నుంచి నేరుగా మీ ఖాతాకు రావాలి, కట్టేది కూడా నేరుగా సంస్థ ఖాతాకే చేరాలి. ఎవరిదో పేరున్న క్యూఆర్ కోడ్ పంపి "ముందు ఫీజు కొట్టండి" అంటే అది మోసం. సంతకానికి ముందు 'కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్' అనే కాగితం ఇవ్వాలి. వడ్డీ, ఫీజులు అన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో అందులో ఉంటుంది. మనసు మారితే, కనీసం ఒక రోజు గడువులో, అసలూ ఆ కాలానికి పడిన వడ్డీ కట్టి జరిమానా లేకుండా బయటపడవచ్చు.

మనవాళ్లకు మరో మాట. 'హలాల్', 'వడ్డీ లేదు', 'ఇస్లామిక్' అన్న పేర్లు చూసి ఈ పరీక్షలు మానేయకండి. ఆకుపచ్చ రంగు, చంద్రవంక ఎవరైనా వేసుకోవచ్చు. వాటికి లైసెన్సు అక్కర్లేదు.

ఇప్పటికే చిక్కుకున్నవాళ్లు ఒక యాప్ బాకీ తీర్చడానికి ఇంకో యాప్‌లో తీసుకోవద్దు. మెసేజ్‌లు చెరిపేయకుండా స్క్రీన్‌షాట్లు తీసి, 1930కు ఫోన్ చేయండి, లేదా దగ్గరి పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి. రిజిస్టరైన సంస్థే ఇబ్బంది పెడితే ముందు దానికే రాసి, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. అడగడానికి నంబరు 14448.

ఆ రాత్రి మేమిద్దరం చేసిన మొదటి పని ఫిర్యాదు కాదు. అతని ఫోన్‌లో ఉన్న చుట్టాలకు, స్నేహితులకు, ఆటో స్టాండ్ వాళ్లకు అతని చేతే మెసేజ్ పెట్టించాను, "నా పేరు మీద ఫోటోలు, తిట్లు వస్తాయి, మోసగాళ్ల పని, జవాబివ్వకండి" అని. వేళ్లు వణికాయి. పంపాక బావమరిదే ముందు ఫోన్ చేశాడు. "పిచ్చోడా, ముందే చెప్పొచ్చుగా" అన్నాడు. ఆ తర్వాతే 1930కు చేశాం. కొత్త నంబర్ల నుంచి ఇప్పటికీ అప్పుడప్పుడు ఫోన్లు వస్తుంటాయట. ఎత్తడం మానేశాడు.