పాత ప్రొఫెషనల్ డిఎస్ఎల్ఆరా, చిన్న మిర్రర్‌లెస్సా? పొలం వీడియోలు తీసే రైతుకు ఏది పనికొస్తుంది



ఈ మధ్య మన వీడియోల కింద పంటల ప్రశ్నలతో పాటు ఇంకో ప్రశ్న కూడా వస్తోంది. "అన్నా, మేమూ మా పొలం వీడియోలు తీద్దామనుకుంటున్నాం. ఫొటో స్టూడియో అతను పాత పెద్ద కెమెరా తక్కువలో ఇస్తానంటున్నాడు. అది తీసుకోమంటారా, చిన్న మిర్రర్‌లెస్ కొనమంటారా?" అని.

ముందే నా జవాబు చెప్పేస్తాను. ఫొటోలకైతే మంచి పాత డిఎస్ఎల్ఆర్ ఇప్పటికీ బంగారమే. కానీ ఒక్కడే పొలంలో పని చేసుకుంటూ వీడియో తీసుకునే రైతుకు చిన్న మిర్రర్‌లెస్సే నయం. నా దగ్గర రెండూ ఉన్నాయి. పై వీడియోలో రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపించాను. అందులో చెప్పడానికి టైం చాలని విషయాలు ఇక్కడ రాస్తున్నాను.

నా దగ్గరున్న రెండు కెమెరాలు

పెద్దది కానన్ ఈఓఎస్ 5డి మార్క్ 2. 2008లో వచ్చింది. 21 మెగాపిక్సెళ్లు, ఫుల్ ఫ్రేమ్ సెన్సార్. డిఎస్ఎల్ఆర్‌లలో 1080 ఫుల్ హెచ్‌డి వీడియో తీయగలిగిన మొదటి కెమెరా ఇదే. అప్పట్లో పెళ్లిళ్లు తీసేవాళ్ల నుంచి సినిమావాళ్ల దాకా దీన్ని వాడారు. నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను.

చిన్నది కానన్ ఈఓఎస్ ఎం50. 2018లో వచ్చింది. 24 మెగాపిక్సెళ్లు, ఏపీఎస్-సి సెన్సార్. అంటే సెన్సార్ చిన్నది. పెద్దదాని సెన్సార్ 36 మి.మీ. పొడవు, 24 మి.మీ. ఎత్తు ఉంటే, దీనిది సుమారు 22.3 మి.మీ. పొడవు, 14.9 మి.మీ. ఎత్తు. విస్తీర్ణంలో చూస్తే పెద్దది రెండున్నర రెట్ల కంటే కాస్త ఎక్కువే.

అసలు తేడా అద్దంలో ఉంది

డిఎస్ఎల్ఆర్‌లో లెన్స్ వెనకాల ఏటవాలుగా ఒక అద్దం ఉంటుంది. లెన్స్‌లోంచి వచ్చిన వెలుతురు ఆ అద్దానికి తగిలి పైకి వెళ్లి, వ్యూఫైండర్‌లో మన కంటికి చేరుతుంది. బటన్ నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, వెలుతురు సెన్సార్ మీద పడుతుంది. ఆ 'టక్' అనే చప్పుడు అదే. అద్దం లేవడానికి చోటు కావాలి కాబట్టి లెన్స్ బిగించే చోటికీ సెన్సార్‌కూ మధ్య 44 మి.మీ. దూరం పెట్టారు. మిర్రర్‌లెస్‌లో అద్దం లేదు, ఎం50లో ఆ దూరం 18 మి.మీ. మాత్రమే. అందుకే కెమెరా అంత పల్చగా ఉంటుంది.

బరువు కూడా అంతే. 5డి మార్క్ 2 బాడీ ఒక్కటే, బ్యాటరీ లేకుండానే 810 గ్రాములు. దానికి మామూలుగా వాడే 24-105 లెన్స్ తగిలిస్తే కిలోన్నర. ఎం50 బ్యాటరీ, కార్డుతో కలిపి 390 గ్రాములు. దాంతో వచ్చే 15-45 లెన్స్‌తో కలిపినా అర కిలో పైచిలుకే. ఒక చేత్తో కొడవలో బిందెనో పట్టుకుని ఇంకో చేత్తో తీయాల్సి వస్తే ఈ కిలో తేడా ఎంతో మీకు నేను చెప్పక్కర్లేదు.

వీడియో దగ్గర పెద్ద కెమెరా ఎక్కడ ఆగిపోతుందంటే

ఇది నా అనుభవంతో చెబుతాను. ఒక ఏడాది నవారా వరి వేశాను. రసాయనాలు లేకుండా ఏం పండుతుందిలే అని మా ఊళ్లో చాలామంది అనుకున్నారు. అందుకే కోత, నూర్పిడి, కాటా అన్నీ వీడియో తీసి పెడదామనుకున్నాను. పక్క పొలాల వాళ్లను నలుగురిని పిలిచాను. 5డి మార్క్ 2ని స్టాండ్ మీద పెట్టి, రికార్డింగ్ ఆన్ చేసి, నేను కాటా దగ్గరికి వెళ్లిపోయాను. బస్తాలన్నీ తూచాం, లెక్క రాశాం, అందరూ చూశారు. సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే వీడియో పన్నెండు నిమిషాలే ఉంది. నాలుగో బస్తా కాటా మీదకు ఎక్కే లోపే ఆగిపోయింది.

తప్పు కెమెరాది కాదు, నాది. ఆ కెమెరాలో ఒక వీడియో ఫైల్ 4 జీబీకి చేరగానే రికార్డింగ్ దానంతట అదే ఆగిపోతుంది. ఫుల్ హెచ్‌డిలో అది సుమారు 12 నిమిషాలు. మళ్లీ బటన్ నొక్కాలి. కొన్నాక ఒకసారి పుస్తకం చదివి ఉంటే ముందే తెలిసేది. కోత సీజన్‌కు ఒక్కసారే కదా, మళ్లీ తీద్దామంటే కుదరదు. ఆ ఏడాది దిగుబడి లెక్క నా నోట్‌బుక్‌లో ఉంది, వీడియోలో లేదు. నమ్మనివాళ్లు ఇప్పటికీ నమ్మరు.

ఎం50లో అయితే ఒక్క విడతలో 29 నిమిషాల 59 సెకన్ల దాకా తీసుకోవచ్చు. దీనికీ హద్దు ఉంది, మర్చిపోవద్దు. అరగంట కంటే పెద్ద పని అయితే మధ్యలో ఒకసారి వచ్చి బటన్ నొక్కాల్సిందే.

వీడియోకు సంబంధించి ఇంకో నాలుగు తేడాలు చూడండి.

1. ఫోకస్: 5డి మార్క్ 2 వీడియో తీసేటప్పుడు మనిషిని వెంబడించి ఫోకస్ చేయదు. మనమే లెన్స్ తిప్పి సరిచేయాలి. కెమెరా వెనకాల ఇంకో మనిషి ఉంటే సరే. జీవామృతం కలుపుతూ డ్రమ్ము దగ్గర నుంచి కెమెరా వైపు రెండు అడుగులు వేస్తే మన మొహం మసకబారిపోతుంది. ఎం50 ఫుల్ హెచ్‌డిలో మొహాన్ని గుర్తుపట్టి ఫోకస్ దానంతట అదే మారుస్తూ ఉంటుంది.

2. స్క్రీన్: పెద్దదాని స్క్రీన్ వెనక్కి బిగించి ఉంటుంది, తిరగదు. ఎం50 స్క్రీన్ పక్కకు తెరుచుకుని మన వైపు తిరుగుతుంది. ఫ్రేములో తల ఉందో, తెగిపోయిందో ఎదురుగా నిలబడి చూసుకోవచ్చు.

3. ఎండ: ఇది చాలామంది ఆలోచించరు. డిఎస్ఎల్ఆర్‌లో వీడియో తీసేటప్పుడు అద్దం పైకి లేచి ఉంటుంది కాబట్టి వ్యూఫైండర్ చీకటైపోతుంది. వెనక స్క్రీన్ మీదే చూడాలి. మిట్టమధ్యాహ్నం గట్టు మీద ఆ స్క్రీన్ కనపడితే ఒట్టు! తల మీద తువ్వాలు కప్పుకుని చూసేవాణ్ణి. ఎం50లో ఉన్నది ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్, వీడియో తీస్తున్నప్పుడు కూడా అందులో బొమ్మ కనపడుతుంది.

4. సన్నని గీతలు: షేడ్ నెట్, గోనె సంచి నేత, చీర అంచు లాంటివి తీస్తే పెద్ద కెమెరా వీడియోలో రంగురంగుల అలలు పాకుతున్నట్టు కనపడతాయి. దీన్ని మోయిరే అంటారు. ఫొటోలో ఇది అంతగా రాదు. వీడియో కోసం సెన్సార్‌లో కొన్ని వరుసలు వదిలేసి చదువుతుంది కాబట్టి వస్తుంది. షేడ్ నెట్ నర్సరీ ఉన్నవాళ్లు గుర్తుపెట్టుకోండి.

ఎం50 మీద "4కె" అని ఉంటుంది కదా, దాన్ని చూసి మోసపోవద్దు. 4కె పెట్టగానే బొమ్మ చుట్టూ బాగా కత్తిరించుకుపోతుంది, మంచి ఫోకస్ పద్ధతి కూడా పని చేయదు. నేను ఎప్పుడూ ఫుల్ హెచ్‌డిలోనే తీస్తాను. మన వీడియోలు ఎక్కువమంది ఫోన్‌లోనే చూస్తారు, అది చాలు.

ఫొటోల దగ్గర పాతది ఎందుకు గెలుస్తుంది

ఇక్కడ కథ తిరగబడుతుంది. ఫొటో తీసేటప్పుడు డిఎస్ఎల్ఆర్ వ్యూఫైండర్‌లో కనపడేది స్క్రీన్ కాదు, లెన్స్‌లోంచి వచ్చే అసలు వెలుతురు. దానికి కరెంటు అక్కర్లేదు. అందుకే కంపెనీ లెక్కలోనే 5డి మార్క్ 2 ఒక ఛార్జింగ్‌తో సుమారు 850 ఫొటోలు తీస్తుంది, ఎం50 సుమారు 235 తీస్తుంది. అయితే పెద్దదాన్ని స్క్రీన్ మీద చూస్తూ వాడితే ఆ 850 కూడా 200 దగ్గరికి పడిపోతుంది. అంటే బ్యాటరీ లాభం వ్యూఫైండర్‌తో ఫొటోలు తీసేవాళ్లకే, వీడియోకు కాదు. ఎం50కి నేను మూడు బ్యాటరీలు పెట్టుకున్నాను.

బాడీ గట్టిదనం కూడా చూడాలి. పెద్దది మెగ్నీషియం లోహం బాడీ, చిన్నది ప్లాస్టిక్. లెన్స్ మార్చేటప్పుడు పెద్దదానిలో సెన్సార్‌కు ముందు అద్దం, షట్టర్ అడ్డంగా ఉంటాయి. ఎం50లో లెన్స్ తీయగానే సెన్సార్ బయటపడుతుంది. నూర్పిడి దుమ్ములో, గాలికి పొట్టు లేస్తున్నప్పుడు లెన్స్ మార్చకండి. ఏ కెమెరాకైనా ఇది వర్తిస్తుంది, మిర్రర్‌లెస్‌కు మరీను.

ఇక పురుగుల ఫొటోలు. మిత్ర పురుగేదో, శత్రు పురుగేదో చూపించాలంటే దగ్గరి ఫొటో తప్పదు. దానికి మ్యాక్రో లెన్స్ కావాలి. పాత ఈఎఫ్ రకం 100 మి.మీ. మ్యాక్రో లెన్స్ పురుగును సెన్సార్ మీద దాని అసలు సైజులో పడేలా చేస్తుంది. 6 మి.మీ. అక్షింతల పురుగును అంత దగ్గరగా తీస్తే 36 మి.మీ. ఫ్రేములో ఆరో వంతు కనపడుతుంది. అదే లెన్స్‌ను అడాప్టర్‌తో ఎం50కి బిగిస్తే 22.3 మి.మీ. ఫ్రేములో పావు వంతు పైనే నిండుతుంది. అంటే చిన్న పురుగుకు చిన్న సెన్సార్ కూడా మేలే. పాత ఈఎఫ్ లెన్స్‌లు అడాప్టర్‌తో ఎం50కి పని చేస్తాయి. ఎం50 లెన్స్‌లు మాత్రం పాత డిఎస్ఎల్ఆర్‌కు ఎక్కవు. పాత కెమెరా కొని తర్వాత మారినా లెన్స్ డబ్బు వృథా కాదన్నమాట.

ఇంకో సంగతి. ఎం50 వాడే ఈఎఫ్-ఎం రకం లెన్స్‌లను కానన్ ఆపేసింది. ఇప్పుడు వచ్చేవి ఆర్ఎఫ్ రకం. కొత్తగా కొనేవాళ్లు 2023లో వచ్చిన ఈఓఎస్ ఆర్50 లాంటివి చూడండి. అది కూడా తేలికే, 375 గ్రాములు. దాని 4కెలో ఆ కత్తిరింపు బాధ లేదు. ఎం50 సెకండ్ హ్యాండ్‌లో తక్కువకు దొరికితేనే తీసుకోండి.

సెకండ్ హ్యాండ్ కొనేముందు

ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూస్తాం, నడిపించి చూస్తాం. కెమెరా కూడా అంతే.

- షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో కంప్యూటర్‌కు కలిపి చూపించమనండి. 5డి మార్క్ 2 షట్టర్‌ను లక్షన్నర క్లిక్కులకు తగ్గట్టు చేశారు. స్టూడియోలో వాడిన కెమెరా ఆ దరిదాపుల్లో ఉండొచ్చు.
- లెన్స్‌లోకి టార్చి వేసి చూడండి. లోపల సాలెగూడు లాంటి సన్నని పోగులు కనపడితే అది బూజు. వద్దనండి.
- తెల్లటి ఆకాశాన్ని ఎఫ్ 16 మీద ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. నల్లటి మచ్చలు ఉంటే సెన్సార్ మీద దుమ్ము ఉన్నట్టు.
- 5డి మార్క్ 2కి మామూలు ఎస్‌డి కార్డు పట్టదు, కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు కావాలి. కార్డు, రీడర్ కూడా బేరంలోనే అడగండి. కార్డు పెట్టే చోట సూదులు వంగాయేమో చూడండి.
- వీడియో ఆన్ చేసి పదిహేను నిమిషాలు అక్కడే నిలబడండి. నేను చేయని పని ఇదే.

కొన్నాక దాచే చోటు కూడా ముఖ్యం. విత్తనానికీ లెన్స్‌కూ శత్రువు ఒక్కటే, తేమ. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి. జీవామృతం, గోమూత్రం పెట్టే కొట్టంలో మాత్రం పెట్టొద్దు.

చివరగా నా మాట

మీకు వీడియో తీసిపెట్టే మనిషి ఉంటే, లేదా విత్తనాలు, పురుగులు, పంట దశలు ఫొటోలుగా దాచుకోవాలనుకుంటే, మంచి కండిషన్‌లో ఉన్న పాత డిఎస్ఎల్ఆర్ తీసుకోండి. ఒంటరిగా తీసుకునేవాళ్లయితే మన వైపు తిరిగే స్క్రీన్, వెంబడించే ఫోకస్, మైకు పెట్టుకునే రంధ్రం – ఈ మూడూ ఉన్న చిన్న మిర్రర్‌లెస్ చూసుకోండి. మైకు రంధ్రం నా రెండు కెమెరాలకూ ఉంది. అయితే చెవిలో పెట్టుకుని మాట ఎలా రికార్డవుతోందో వినే రంధ్రం రెండింటికీ లేదు. కాబట్టి ముందు ఒక నిమిషం తీసి, విని, తర్వాత అసలు పని మొదలుపెట్టండి.

ఇంకా ఏమీ కొనకపోతే తొందరేమీ లేదు. చేతిలో ఉన్న ఫోన్‌కు ఒక కాలర్ మైకు, ఒక స్టాండ్ చేర్చండి. ఒక పంట కాలం అంతా దాంతో తీయండి. ఎక్కడ ఇబ్బంది పడ్డారో రాసి పెట్టుకోండి. ఏ కెమెరా కావాలో ఆ కాగితమే చెబుతుంది. దూడను అమ్మి కెమెరా కొనొద్దు. ఆవు ఉంటేనే కదా మన వీడియోలో చూపించడానికి ఏమైనా ఉండేది!

మీ దగ్గర ఏ కెమెరా ఉందో, పొలంలో దాంతో ఏ ఇబ్బంది వచ్చిందో వీడియో కింద రాయండి. ఈసారి నవారా కాటా రోజున ఎం50 పెడుతున్నాను. బటన్ నొక్కడానికి మా అబ్బాయిని కూడా పక్కన కూర్చోబెడుతున్నాను. బస్తాల లెక్క మీరే చూద్దురు గాని.