గోల్ పడగానే డీజే పాట ఎందుకు? ఫుట్‌బాల్ అభిమానుల్లో కొందరు వద్దంటున్నది అందుకేనా?

అలంపూర్ చౌరస్తాలో బస్సెక్కితే హైదరాబాద్ దాదాపు రెండు వందల కిలోమీటర్లు. జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఫుట్‌బాల్ అంటే ప్రాణం పెట్టే కుర్రాళ్లు పెద్ద మ్యాచ్‌ను కళ్లారా చూడాలంటే అంత దూరం పోవాల్సిందే. లేదంటే టీవీయో, ఫోనో దిక్కు. మరి ఖర్చు పెట్టుకుని అంత దూరం పోయి గచ్చిబౌలి స్టేడియంలో కూర్చుంటే, మనోళ్లు గోల్ కొట్టిన క్షణంలో చెవిన పడాల్సిందేంటి? చుట్టూ ఉన్న జనం కేకా? స్పీకర్లలోంచి దూసుకొచ్చే పాటా?

చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, ప్రపంచవ్యాప్తంగా ఫుట్‌బాల్ అభిమానులు గట్టిగా వాదించుకునే అంశమిది. దీన్నే గోల్ మ్యూజిక్ అంటారు. అసలు ఇది ఎలా పనిచేస్తుంది? వద్దనేవాళ్లు ఏమంటారు? కావాలనేవాళ్ల మాటేంటి? ఓసారి చూద్దాం..

గోల్ మ్యూజిక్ అంటే?

బంతి నెట్‌లో పడుతుంది. రిఫరీ విజిల్ వేసి మధ్య గీత వైపు చెయ్యి చూపిస్తాడు. అంతే.. సౌండ్ బాక్సుల దగ్గర కూర్చున్న మనిషి మీట నొక్కుతాడు. ముందే ఎంచి పెట్టుకున్న పాటలోని హుషారైన ముక్క స్టేడియమంతా మోగిపోతుంది. ఆటగాళ్ల సంబరం అయ్యే దాకా అది నడుస్తుంది. తర్వాత అనౌన్సర్ గోల్ కొట్టిన ఆటగాడి పేరు చెబుతాడు.

క్లబ్ మ్యాచుల్లో సాధారణంగా సొంత జట్టు గోల్ కొడితేనే పాట. బయటి జట్టు కొడితే స్పీకర్లు మూగబోతాయి. ప్రపంచకప్ లాంటి టోర్నీలో ఇద్దరూ అతిథులే కాబట్టి ఎవరు కొట్టినా మోత ఉంటుంది.

ఈ అలవాటు జర్మనీలో బాగా పాతుకుపోయింది. బేయర్న్ మ్యూనిక్ గోల్ కొడితే ఫ్రెంచ్ కాన్‌కాన్ బాణీ మోగుతుంది. సెయింట్ పౌలీ క్లబ్ గోల్‌కు బ్లర్ బృందం పాడిన సాంగ్ టూ. కొలోన్ నగరంలో అయితే అక్కడి కార్నివాల్ జాతర పాటే గోల్ పాట. ఇంగ్లండ్‌లో మాత్రం చాలామంది పాతకాలం అభిమానులకు ఇది గిట్టదు. గోల్ పడ్డాక పాట పెట్టడమంటే జోక్ చెప్పి, నవ్వమని బోర్డు పెట్టినట్టే అన్నది వాళ్ల భావన.

వద్దనేవాళ్ల మాటేంటి?

ఫుట్‌బాల్‌లో గోల్స్ తక్కువ. క్రికెట్‌లో ఫోర్లు, సిక్సర్లు వరసగా వస్తుంటాయి. ఒకటి చప్పగా గడిచిపోయినా ఇంకోటి వస్తుంది. ఫుట్‌బాల్ అలా కాదు. తొంభై నిమిషాలు ఎదురుచూస్తే ఒక్కటే గోల్ పడొచ్చు. అసలు పడకపోనూవచ్చు. అంత అరుదుగా దొరికే ఆ పది, పదిహేను సెకన్లు జనానివే అని వీళ్ల వాదన. కేక దానంతటదే పుట్టాలి. ముందు అరుపు, తర్వాత చప్పట్లు, ఆ వెంటనే ఓ మూల నుంచి మొదలై స్టాండ్లన్నీ చుట్టేసే నినాదం. స్పీకర్ మోగితే ఆ నినాదం పుట్టకముందే చచ్చిపోతుంది.

దీని వెనక చిన్న లెక్క కూడా ఉంది. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. మైదానం పొడవే వంద మీటర్లు. అంటే ఈ గోల్‌పోస్ట్ వెనక మొదలైన పాట అటువైపు వాళ్ల చెవికి చేరేసరికి సెకనులో మూడో వంతు గడిచిపోతుంది. అందుకే స్టేడియమంతా ఒకే నినాదం అందుకోవడానికి కాసేపు పడుతుంది. డప్పు వాయించేవాళ్లు ఉంటే లయ కుదురుతుంది. ఆ కాసేపు కూడా ఆగకుండా డీజే దూరిపోతే ఇక జనం కలిసి పాడేదెప్పుడు?

పాలమూరు పల్లెల్లో ఇది వేరే చెప్పక్కర్లేదు. పీర్ల పండగైనా, బోనాలైనా డప్పు కొట్టేవాడు జనం అడుగు చూసి దరువు మారుస్తాడు. జనం ఊపు మీదుంటే వేగం పెంచుతాడు, అలసిపోతే తగ్గిస్తాడు. డీజే బండికి ఆ పని తెలియదు. అది మోగుతుంది, జనమే దాని వెంట పోవాలి. గోల్ మ్యూజిక్ వద్దనే అభిమానుల బాధ సరిగ్గా ఇదే.

ఇంకో చిక్కు కూడా ఉంది. వీడియో రిఫరీ వచ్చాక గోల్ పడ్డా ఖాయమో కాదో వెంటనే తెలియట్లేదు. పాట మోగిపోతుంది, జనం ఎగిరి గంతేస్తారు. తర్వాత ఆఫ్‌సైడ్ అని తేలితే? మోగిన పాట కాస్తా బయటి జట్టు అభిమానులకు వెటకారానికి పనికొస్తుంది.

కావాలనేవాళ్లూ తక్కువేం కాదు

స్టేడియానికి వచ్చేవాళ్లంతా నినాదాలు తెలిసినవాళ్లే ఉండరు. పిల్లాపాపలతో వచ్చే కుటుంబాలుంటాయి. మొదటిసారి మ్యాచ్‌కు వచ్చినవాళ్లుంటారు. వాళ్లకు పాట ఓ పిలుపు లాంటిది. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు చిందేయాలో అదే చెబుతుంది. మళ్లీ మ్యాచ్‌కు రావాలన్న ఆశ పుట్టిస్తుంది.

రెండోది.. సీట్లు సగం ఖాళీగా ఉన్నచోట గోల్ పడితే వచ్చే కేక ఆ ఖాళీలోనే కలిసిపోతుంది. అప్పుడు పాట ఆసరా అవుతుంది. ముప్పై వేల మంది దాకా పట్టే స్టేడియంలో మూడు వేల మంది ఉంటే ఆ లోటు పూడ్చేది స్పీకరే. భారత్‌లో కోల్‌కతా, కొచ్చి, గోవా లాంటి కొన్ని చోట్ల తప్ప చాలా క్లబ్‌ల పరిస్థితి ఇదే.

జనం చేసే చప్పుడంతా వినసొంపుగా ఉంటుందనీ లేదు. 2010లో దక్షిణాఫ్రికా ప్రపంచకప్‌లో వువుజెలా బూరలు గుర్తున్నాయా? అవి ఊదింది అభిమానులే. కానీ తొంభై నిమిషాలూ తేనెటీగల తుట్టె కదిపినట్టు ఒకటే రొద. పాటలు, నినాదాలు దాని కింద నలిగిపోయాయి. అదే ఏడాది యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్‌ఏ తన పోటీల్లో వువుజెలాలను నిషేధించింది.

హైదరాబాద్‌లో ఏం జరిగింది?

తెలుగు గడ్డకు ఫుట్‌బాల్ కొత్తేం కాదు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. ఆ జట్టును తీర్చిదిద్దిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆయన హయాంలోనే భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది.

ఆ తర్వాత దశాబ్దాల పాటు హైదరాబాద్ ఫుట్‌బాల్ చప్పబడిపోయింది. 2019లో ఇండియన్ సూపర్ లీగ్‌లోకి హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. ఆ ఏడాది నవంబర్ 2న గచ్చిబౌలిలో తొలి హోమ్ మ్యాచ్‌లోనే కేరళ బ్లాస్టర్స్‌ను 2-1తో ఓడించింది. డెక్కన్ లీజియన్ పేరుతో అభిమానుల బృందం కూడా తయారైంది. సొంత నినాదాలు, సొంత డప్పులు అలా ఒక్కో మ్యాచ్‌తో పెరగాల్సిన సమయమది.

అంతలో కరోనా. 2020-21, 2021-22 సీజన్లు రెండూ గోవాలో, జనం లేకుండానే నడిచాయి. విచిత్రం ఏంటంటే హైదరాబాద్ కప్పు గెలిచింది సరిగ్గా అప్పుడే. ఆ సీజన్‌లో బార్తలోమ్యూ ఓగ్‌బెచే 18 గోల్స్ కొట్టి లీగ్‌లో అందరికంటే ముందు నిలిచాడు. కానీ ఆ గోల్స్‌కు ఎగిరి గంతేయడానికి స్టాండ్లలో జనమే లేరు.

2022 మార్చి 20న ఫతోర్డాలో జరిగిన ఫైనల్‌కు మాత్రం జనాన్ని అనుమతించారు. స్టేడియం పసుపు రంగులో మునిగిపోయింది. వచ్చినవాళ్లలో ఎక్కువమంది కేరళ అభిమానులే మరి. కేరళ ముందు గోల్ కొట్టింది. 88వ నిమిషంలో సాహిల్ టవోరా బంతిని నెట్‌లోకి పంపి స్కోరు సమం చేశాడు. పెనాల్టీ షూటవుట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు షాట్లు ఆపేశాడు. కప్పు హైదరాబాద్‌దే. టవోరా గోల్ పడ్డప్పుడు అంతటి పసుపు సముద్రం ఒక్కసారిగా చల్లబడింది. ఆ నిశ్శబ్దానికి మించిన గోల్ పాట ఏ డీజే దగ్గరా ఉండదు.

తర్వాత క్లబ్ డబ్బు కష్టాల్లో పడింది. యాజమాన్యం మారింది. 2025లో క్లబ్ ఏకంగా ఢిల్లీకి తరలిపోయి, పేరు కూడా మార్చుకుంది. పాట వద్దు, కావాలి అని వాదించుకోవడానికి ముందు గోల్ కొట్టే సొంత జట్టు ఉండాలి కదా.. ఇప్పుడు హైదరాబాద్ అభిమానికి ఆ లోటే పెద్దది. ఐ-లీగ్‌లో 2022-23, 2023-24 సీజన్లలో రెండో స్థానంలో నిలిచిన శ్రీనిధి డెక్కన్ క్లబ్ వైపు ఇప్పుడు చాలామంది చూస్తున్నది అందుకే.

పాట ఎవరు ఎంచుకున్నారన్నదే అసలు ప్రశ్న

జర్మనీ జాతీయ జట్టు అనుభవం ఇక్కడ పనికొస్తుంది. 2024 యూరో కప్ సమయంలో గోల్ పాట మార్చాలని అక్కడి అభిమానులు పట్టుబట్టారు. పీటర్ షిల్లింగ్ పాడిన 1980ల నాటి మేజర్ టామ్ పాట పెట్టాలంటూ సంతకాలు సేకరించారు. టోర్నీ అయ్యాక ఫుట్‌బాల్ సంఘం దిగొచ్చింది. ఆ సెప్టెంబర్‌లో హంగరీపై జర్మనీ 5-0తో గెలిచిన మ్యాచ్‌లో జనం కోరిన పాటే మోగింది. స్పీకర్లు అవే. కానీ పాట జనానిది కావడంతో స్టేడియమంతా గొంతు కలిపింది.

ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ అభిమానులు పాడే యూ విల్ నెవర్ వాక్ అలోన్ కథా ఇలాంటిదే. 1963లో ఆ పాట హిట్టయింది. మ్యాచ్‌కు ముందు మైకులో హిట్ పాటలు వేసే అలవాటు ఉండటంతో ఇదీ మోగేది. హిట్ల జాబితా నుంచి అది జారిపోయినా జనం పాడటం మానలేదు. అరవై ఏళ్లు దాటినా పాడుతూనే ఉన్నారు. అంటే మైకులోంచి వచ్చిన పాట కూడా జనం పాట కావచ్చు. కాకపోతే జనానికి పాడే అవకాశం ఇవ్వాలి.

చట్టం ఏమంటోంది?

స్టేడియంలో రికార్డు పాట వేయాలంటే 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుదారుల అనుమతి తీసుకోవాలి, రుసుము కట్టాలి. మతపరమైన వేడుకలకు, పెళ్లి ఊరేగింపులకు ఉన్న మినహాయింపు టికెట్ పెట్టి ఆడించే మ్యాచ్‌కు వర్తించదు. ఇక 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగ ప్రదేశాల్లో లౌడ్‌స్పీకర్లు మోగించకూడదు. పగటిపూట నివాస ప్రాంతాల్లో పరిమితి 55 డెసిబుల్స్. చిన్న ఊళ్లలో టోర్నీలు పెట్టేవాళ్లు కూడా ఈ సంగతి గుర్తుంచుకోవాలి. జనం కేకలకు లైసెన్సు అక్కర్లేదు, రుసుమూ లేదు!

మరి మధ్యే మార్గం?

అభిమానుల చర్చల్లో తిరిగితిరిగి వచ్చే సూచనలు మూడున్నాయి. ఒకటి, గోల్ పడ్డాక కాసేపు ఆగి పాట పెట్టాలి, ముందు జనాన్ని అరవనివ్వాలి. రెండు, సౌండ్ తగ్గించి, కొన్ని సెకన్లలో ఆపేయాలి. మూడు, ఏ పాట పెట్టాలో అభిమానుల బృందాలనే అడగాలి. వీటిలో ఏదీ ఖర్చుతో కూడిన పని కాదు.

ఇది ఒక్క గచ్చిబౌలికే కాదు, మండల స్థాయి టోర్నీకీ వర్తిస్తుంది. సౌండ్ బాక్సులు అద్దెకు తెచ్చే డబ్బుల్లో కొంత డప్పు కళాకారులకు ఇస్తే, గోల్ పడ్డప్పుడు వాళ్లు జనాన్ని చూసి వాయిస్తారు. ఊరి జట్టు గోల్ కొట్టినప్పుడు ఊరి గొంతు ఊరి జనానికే వినపడుతుంది.