ఎద్దు నొసటి సుడి

దర్శి ప్రాంతమున ఎడ్లను కొనబోవు రైతు మొదట ధర నడుగడు. ఎద్దు చుట్టును రెండుమార్లు తిరిగి, మూపురము నిమిరి, గంగడోలును చేతబట్టి, క్రింది పెదవిని దించి పండ్లు చూచి, తుదకు నొసటిపై వెండ్రుకల సుడి ఎక్కడ నున్నదో పరికించును. సుడి నచ్చనిచో ఎంత చక్కని కోడెనైనను విడిచి వెనుదిరుగును. ప్రక్కనే నిలిచియున్న మనుమడు నవ్వుకొనును. బడిలో నేర్చినది విజ్ఞానమనియు, తాత చూచినది మూఢవిశ్వాసమనియు వాని నిశ్చయము. ఆ నిశ్చయమును పరీక్షించి చూచినవారు మాత్రము అరుదు.

దూరదేశమున ఒకరు పరీక్షించి చూచిరి. అమెరికాలోని కొలరాడో రాష్ట్ర విశ్వవిద్యాలయమునకు చెందిన టెంపుల్ గ్రాండిన్ అను విదుషీమణియు, ఆమె సహచరులును పశువుల నొసటి సుడికిని స్వభావమునకును గల సంబంధమును పరిశీలించి 1995లో వ్యాసము ప్రకటించిరి. మన పశువైద్యశాలలోని ట్రావిసు వంటి ఇనుప చట్రమున నిలిపినపుడు ఏ పశువు ఎంత పెనగులాడునో గుర్తించి, దానిని సుడి స్థానముతో సరిపోల్చిరి. సుడి కన్నులకంటె పైన నున్న పశువులు, కన్నుల నడుమనో క్రిందనో సుడిగల వానికంటె అధికముగ బెదరినట్లు తేలెను. తరువాత ఇతరులు చేసిన పరిశీలనములన్నియు ఒకే మాట చెప్పలేదు. శాస్త్రమార్గ మట్టిదే. దీనివలన తాతగారి సుడులన్నియు నిజమని తేలదు. యజమానికి అరిష్టమని చెప్పెడి సుడి వేరు, పశువు బెదరును తెలుపు సుడి వేరు. ఈ రెంటిని విడదీసి చూపగల విద్యార్థి ఏ పురస్కారమునకైనను అర్హుడే.

మనుష్యులకును జంతువులకును గల సంబంధము నేడొక శాస్త్రవిషయము. దీనికై 1987లో ఒక పత్రికయు, 1991లో ఒక అంతర్జాతీయ సంఘమును వెలసినవి. అమెరికా సామాజిక శాస్త్రజ్ఞుల సంఘమున జంతువులు, సమాజము అను శాఖయే కలదు. విద్యార్థులు వ్రాసిన పరిశోధన వ్యాసములను అట్టి సంస్థలు సత్కరించుచుండును. మన దేశమున ఈ పేరిట ప్రత్యేక బహుమానమును వెదకనక్కరలేదు. 1993లో ఆరంభమైన బాలల సైన్స్ కాంగ్రెస్ ఉద్దేశమే ఇది: పది మొదలు పదునేడేండ్ల వయస్సుగల పిల్లలు చిన్న బృందముగ నేర్పడి, ఒక ఉపాధ్యాయుని మార్గదర్శకత్వమున, తమ ఊరిలోని విషయము నొకదానిని పరిశీలించి నివేదిక వ్రాయవలెను. ఇన్‌స్పైర్ మానక్ పథకమున ఎన్నికైన ఆలోచనకు నమూనా చేయుటకై 10,000 రూపాయ లొసగుదురు. ఐనను ప్రదర్శనలకు పోయి చూచిన, అట్టముక్కల అగ్నిపర్వతములును, బజారున కొన్న బొమ్మ గాలిమరలును ఎన్ని! పసులకొట్టమునుండి వచ్చిన ప్రశ్నలు ఎన్ని!

దర్శి విద్యార్థికి ఈ కొరత ఉండరాదు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడువరకు దర్శి నెల్లూరు జిల్లాలోనిది. ఒంగోలును 1904 వరకు ఆ జిల్లాలోనే యుండెను. కావుననే బ్రెజిలు దేశమునకు చేరిన ఒంగోలు జాతి పశువులకు అచట నెలోరు అను పేరు నిలిచెను. నేడు ఆ దేశపు పశుసంపదలో అధికభాగము ఆ రక్తము గలదే. ఒంగోలు చెంతనున్న కరవది గ్రామము పేరిట ఒక ఆబోతు 1960వ దశకారంభమున అచటికి పోయి ప్రసిద్ధికెక్కెను. దాని సంతతిని అచట పుస్తకములలో తరతరములుగ వ్రాసి యుంచిరి. ఇచట వ్రాసినవా రెవరు?

నాగార్జునసాగర్ కాలువలకు 1967లో నీరు వదలిరి. కుడి కాలువ దర్శి శాఖవలన సేద్యపు తీరు మారినది. తరువాత ట్రాక్టరు వచ్చినది. కాడి మూలబడెను. కాడితోపాటు మాటయు మూలబడుచున్నది. దాపటి ఎద్దు, వలపటి ఎద్దు అనిన ఏది ఎడమదో ఏది కుడిదో చెప్పలేని రైతుబిడ్డలు నేడు కలరు. దాపట మరగిన ఎద్దు వలపట కట్టిన ఏల మొరాయించును? ఎన్నినాళ్ళలో అలవాటుపడును? ఈ ప్రశ్నకు ప్రయోగశాల వలదు. జత ఎడ్లుగల ఇంటి గుమ్మము చాలును.

పండ్ల లెక్కయు అట్టిదే. బండలాగుడు పోటీలలో రెండుపండ్ల జత, నాలుగుపండ్ల జత, ఆరుపండ్ల జత యని వర్గము లేర్పరచుట పిల్లలందరు చూచినదే. పాలపండ్లు ఊడి రెండు పెద్దపండ్లు వచ్చుట సుమారు రెండు, రెండున్నర యేండ్లకు. ఎనిమిదియు పూర్తియగుట సుమారు నాలుగున్నర, అయిదేండ్లకు. ఈడ తేదీ తెలిసిన దూడలను ఎంచుకొని ఈ లెక్క ఎంతవరకు సరిపడునో చూడవచ్చును. అదే పోటీలో మరియొక ప్రశ్న కలదు, కొంచెము ఇబ్బందికరమైనది: ఎద్దు బండను లాగునది పెంచినవాని కేకకా, చర్నకోల దెబ్బకా? వేలజనము చప్పట్లు కొట్టుచుండగా ప్రక్కన కూర్చుండి దెబ్బలను లెక్కించుటకు కొంత గుండెనిబ్బరము కావలెను. వచ్చిన లెక్క ఊరివారికి రుచింపకపోవచ్చును. దానిని దిద్దకుండ నివేదికలో వ్రాయించుట ఉపాధ్యాయుని వంతు.

దేశమున పశుగణన 1919లో మొదలైనది. ఇరువదియవది 2019లో జరిగినది. ఆ పట్టికలలో ఎన్ని పశువులో యుండును. ఏ ఎద్దును ఏ పేరుతో పిలిచిరో, పలుపు విప్పగనే అది ఎవరి వెంట నడచెనో, ముసలిదైన పిదప దానిని అమ్మిరో, కొట్టముననే యుంచిరో యుండదు. అవి దర్శి చుట్టుపట్ల పల్లెలలో అరుగులపై కూర్చున్న ముదుసలుల నోట నున్నవి. నోటుపుస్తకము తీసికొని పోయిన పిల్లవానిని వారు మొదట అడుగునది ఒక్కటే: “ఎవరి మనుమడవురా నీవు?”