తాలింఖానా నుండి తైక్వాండో శాలకు

కోనసీమలో పుట్టి పెరిగినవారికి దసరా యనగానే చెడీ తాలింఖానా జ్ఞాపకమునకు రాక మానదు. విజయదశమినాడు అమలాపురమున వీథి వీథినుండి వెలువడు వాహనముల ముందు, డప్పుల హోరులో కర్రలు త్రిప్పుచు, కత్తులు దూయుచు, చీకటి పడిన పిమ్మట అగ్గి బరాటాలు చక్రాకారముగా వెలిగించుచు సాగు యువకులను అరుగుల మీదినుండి చూచి పెరిగిన తరము మాది. ఆ యొక్కనాటి వైభవమునకు వెనుక నెన్నో సాయంకాలముల సాధన యుండెడిది. బడి విడిచిన పిదప కాలువగట్టు ప్రక్కనున్న ఆవరణలో ఆంజనేయుని పటమునకు మ్రొక్కి, నేల తాకి కన్నుల కద్దుకొని, గురువైన వస్తాదు పాదములంటినగాని కర్ర చేపట్టుటకు వీలులేదు. తరగతిలో లేచి పాఠము చదువుటకే వణకెడి సహాధ్యాయి యొకడు, కొన్నాళ్లకు అంతటి జనసమ్మర్దము నడుమ కన్ను చెదరక నిలువగల్గుట మేమందరము చూచితిమి. అతనిలో వచ్చిన మార్పునకు కర్ర త్రిప్పు నైపుణ్య మొక్కటియే కారణము కాదని, మేము వచ్చి స్థిరపడిన ఈ పరదేశమున మన పిల్లలు తైక్వాండో శాలలలో వరుసలు కట్టి నిలుచుట చూచుచున్నప్పుడు నాకు బోధపడినది.

ఇచ్చట పుట్టిన మన పిల్లలకు ఇంటిలో నొక లోకము, బడిలో నొక లోకము. తమ పేరును ఉపాధ్యాయుడు తప్పుగా పలికినను దిద్దుటకు జంకి ఊరకుండు పిల్ల లెందరో కలరు. ధైర్యముగా నుండుమని తల్లిదండ్రులు నోటితో చెప్పినంతమాత్రమున ధైర్యము రాదు. తాను చేయజాలననుకొన్న పనిని స్వయముగా చేసి చూచుకొనిననే నమ్మకము బలముగా నాటుకొనునని ఆల్బర్ట్ బండూరా యను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు 1977లో ప్రతిపాదించెను. యుద్ధవిద్యాశాలలో జరుగునది సరిగా నిదియే. నిన్న నిలువనేరని కాలు నేడు నిలుచును. నిన్న రాని తన్ను నేడు వచ్చును. అది వచ్చినదో లేదో యొకరు చెప్పనక్కరలేక పిల్లవాని దేహమునకే తెలియును. కడుపులోనుండి గట్టిగా కేక వేయుట కూడ అచ్చట పాఠములో భాగమే యగుటచే, నోరెత్తని పిల్లకు తన కంఠముయొక్క శక్తి యెంతటిదో మొదటిసారి వినబడును.

అన్నిటికంటె నాకు నచ్చినది జూడోలోని పద్ధతి. 1882లో టోక్యోలో కోడోకాన్‌ను స్థాపించిన కానో జిగోరో స్వయముగా విద్యావేత్త. ఆ విద్యలో చేరిన పిల్లవానికి ఎదుటివానిని పడగొట్టుట నేర్పుటకు ముందే తాను పడుట నేర్పుదురు. గడ్డము రొమ్మునకు ఆన్చి, వీపు గుండ్రముగా వంచి, చేతితో చాపను చఱచి, దెబ్బ తగులకుండ పడి, వెంటనే లేచుట. పదుగురి యెదుట పడుట అవమానము కాదని, పడినవాడు లేవవచ్చునని, మాటలలో కాక అస్థులలో, కండరములలో నెక్కిన పిల్లవానికి పరీక్షలో తక్కువ మార్కులు వచ్చినను, చెలికాండ్రు పరిహసించినను తట్టుకొను శక్తి యబ్బును. మార్కులకై పిల్లలను నిరంతరము పరుగెత్తించు మన కుటుంబములకు ఈ పాఠము మిక్కిలి అవసరమని నా విశ్వాసము.

అయితే ఏ శిక్షణమైనను మంచిదే యనుకొనరాదు. 1986లో మైకేల్ ట్రుల్సన్ ప్రకటించిన పరిశీలన యొకటి కలదు. దుష్ప్రవర్తనకు లోనైన కిశోరులలో నొక జట్టునకు ఆరు నెలలు వందనము, ధ్యానము, శీలబోధలతో కూడిన సంప్రదాయ తైక్వాండోను, మరియొక జట్టునకు కేవలము పోరాటమును నేర్పగా, మొదటివారిలో దూకుడు తగ్గి ఆత్మగౌరవము పెరిగెను. రెండవవారిలో దూకుడే హెచ్చెను. ఆ జట్లు చిన్నవి గనుక దానినే సర్వప్రమాణముగా గైకొననక్కరలేదు గాని, వస్తాదు పాదములంటించి గాని కర్ర యీయని మన పెద్దలకు ఆ సంగతి అనుభవమున తెలియును. కావున బెల్టు ఎంత త్వరలో వచ్చునని కాక, గురువు పిల్లలతో నెట్లు మాటలాడునని చూచి శాల నెన్నుకొనుడు. పొరుగింటి పిల్లకు నల్లబెల్టు వచ్చినదని మన పిల్లను నొప్పించుట వలదు.

ఒకినావాలో రహస్యముగా నేర్పబడుచుండిన కరాటేను ఇతోసు అంకో 1901 ప్రాంతమున ప్రాథమిక పాఠశాలలోనికి తెచ్చి, బడిపిల్లలకు తగినట్లు సులభమైన పాఠములుగా కూర్చెను. ఆ మార్పు కూడ తోడ్పడి అది నేడు ప్రపంచమంతట పిల్లల విద్యయైనది. మనకును వీరఘట్టమున పుట్టి, విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడై, ఛాతీపై ఇనుపగొలుసు బిగించి ఊపిరితో తెంచిన కోడి రామమూర్తి నాయుడుగా రుండిరి. కాని తాలింఖానాలలోని మన సాము పసివారికి తగిన పాఠక్రమము నెరుగక వస్తాదుల చేతిలోనే నిలిచి, వారితోనే క్షీణించుచున్నది. మా చిన్ననాటి ఆవరణములలో బాలికలకు చోటు లేకపోయినది. ఇచ్చటి శాలలలో అన్నదమ్ముల ప్రక్కనే అక్కచెల్లెండ్రు నిలుచుచున్నారు. ఈ మార్పు మన పాతపద్ధతికంటె మేలైనదని చెప్పుటకు నేను సంకోచింపను.

ఒక్క విచారము మాత్రము నన్ను వీడకున్నది. మన పిల్లలు హానా, దూల్, సేత్ అని కొరియాభాషలో పదివరకు తడబడక లెక్కింతురు. తెలుగున పదివరకు లెక్కింపుమన్న ఐదింటికడ ఆగిపోదురు. అడుగునకొక అంకె గట్టిగా పలుకుచు నేర్చినది మరపునకు రాదు గనుక, మన భాషకును అట్టి అవకాశ మీయవచ్చును. పిల్లలను తైక్వాండో మానిపింపుమని నా మాట కాదు. దానికి తోడుగా, ఊరినుండి వచ్చి నెలల తరబడి మన యిండ్లలో నుండు తాతలలో కర్రసాము నెరిగినవారుండిన, తెలుగు బడి ముగిసిన పిదప ఒక అరగంట వారి కప్పగింపుడు. లెక్క తెలుగున సాగనిండు. పిల్ల యెత్తునకు తగిన తేలికపాటి కర్రలు చాలును. కత్తి, నిప్పు ప్రదర్శనములను మన ఊళ్లకే వదలవలెను. వచ్చు దసరా సభలో సినిమా నృత్యముల నడుమ ఈ పిల్లలకు పావుగంట వేదిక కేటాయింపుమని మన తెలుగు సంఘపు కార్యవర్గమును కోరుచున్నాను. సాము తెలిసిన పెద్దలు ముందుగానే తమ పేర్లు సంఘ కార్యదర్శికి తెలిపిన, దసరాలోపల సాధనకు చాలినంత వ్యవధి యుండును.