కడోదరా నుంచి కలెక్టరేట్ దాకా: ప్రభుత్వ పాలన, సేవాసంస్థల నిర్వహణ చదువుల్లో ఏది ఎవరికి?

ముంబయి–అహ్మదాబాద్ జాతీయ రహదారిని సూరత్–బార్డోలీ రోడ్డు కలిసే చౌరస్తా చుట్టూ పెరిగిన ఊరు కడోదరా. సూరత్ జిల్లా పల్సాణా తాలూకాలోని ఈ పారిశ్రామిక పట్టణంలో అద్దకం మిల్లులు, మరమగ్గాల షెడ్లే జీవనాధారం. ఒడిశా, బిహార్, ఉత్తర్‌ప్రదేశ్, మహారాష్ట్రల నుంచి వచ్చిన కార్మికులతో పాటు తెలుగువారూ ఇక్కడ పని చేస్తున్నారు. వరంగల్, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల పద్మశాలి కుటుంబాలు దశాబ్దాల క్రితమే సూరత్‌కు వలస వచ్చి లింబాయత్, ఉధనా తదితర ప్రాంతాల్లో స్థిరపడ్డాయి. వారి పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలను కూడా నిర్వహిస్తోంది.

ఆ కుటుంబాల్లో ఇప్పుడు పట్టభద్రులు తయారవుతున్నారు. పన్నెండు గంటల షిఫ్టుల్లో తండ్రులు గడిపిన జీవితాన్ని చూసినవారిలో కొందరికి ప్రభుత్వ ఉద్యోగంలోనో, కార్మికుల కోసం పని చేసే స్వచ్ఛంద సంస్థలోనో చేరాలనే కోరిక ఉంటుంది. దానికి ఏ డిగ్రీ చదవాలన్నది వారి ముందున్న ప్రశ్న. తప్పుగా ఎంచుకుంటే పోయేది రెండేళ్ల కాలం, ఒక కుటుంబం కూడబెట్టిన సొమ్ము.

సూరత్ నేర్పిన పాఠం

ప్రభుత్వ పాలన అనే శాస్త్రం ఎందుకు అవసరమో తెలుసుకోవడానికి సూరత్ వాసులు దూరం వెళ్లనక్కరలేదు. 1994 సెప్టెంబరులో వరదల తర్వాత, పేరుకుపోయిన చెత్త నడుమ ఇక్కడ ప్లేగు ప్రబలింది. యాభైకి పైగా మరణాలు సంభవించాయి. లక్షలాది మంది, ముఖ్యంగా వలస కార్మికులు, రైళ్లూ బస్సులూ పట్టుకుని నగరం విడిచి వెళ్లారు.

మరుసటి ఏడాది మునిసిపల్ కమిషనర్‌గా ఎస్.ఆర్.రావు వచ్చారు. పూర్తి పేరు సూర్యదేవర రామచంద్రరావు. ఇంటిపేరు తెలుగువారికి పరిచితమైనదే. ఆయన కొత్త చట్టమేదీ తేలేదు. నగరాన్ని ఆరు జోన్లుగా విభజించి, ఒక్కొక్క జోన్ అధికారికి కార్యాలయ అధికారాలతో పాటు ఖర్చు పెట్టే అధికారాన్నీ అప్పగించారు. ప్రతి ఉదయం అధికారులు వీధుల్లోకి వెళ్లి పారిశుద్ధ్యం పరిశీలించాలి, మధ్యాహ్నం సమీక్షకు హాజరు కావాలి. ఏసీ గది వదిలి రోజువారీ పనిలోకి దిగడమన్న అర్థంలో దీనికి ‘ఏసీ నుంచి డీసీకి’ అన్న పేరు వచ్చింది. రెండేళ్లు తిరగకుండానే దేశంలోని శుభ్రమైన నగరాల్లో సూరత్ ఒకటిగా పేరు తెచ్చుకుంది. 1998లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఆ తర్వాత పాతికేళ్లకు, 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో సూరత్ ఇండోర్‌తో కలిసి ప్రథమ స్థానంలో నిలిచింది.

అధికార వికేంద్రీకరణ, జవాబుదారీతనం, క్షేత్ర పర్యవేక్షణ అని పాఠ్యపుస్తకాల్లో కనిపించే పొడి మాటలకు ఇదే ప్రాణమున్న రూపం. సంస్థ అదే, సిబ్బందీ దాదాపు వారే. మారినది పని జరిగే పద్ధతి. పరిపాలనను రాజకీయాల నుంచి వేరుచేసి అధ్యయనం చేయాలని 1887లో అమెరికాలో వుడ్రో విల్సన్ వాదించినప్పుడు ఆయన దృష్టిలో ఉన్నది కూడా ఇలాంటి ప్రశ్నే.

డిగ్రీ వేరు, కొలువు వేరు

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. ప్రభుత్వ పాలనలో ఎం.ఏ. చేస్తే అధికారి కావచ్చన్న నమ్మకం మన కుటుంబాల్లో బలంగా ఉంది. సివిల్ సర్వీసెస్ పరీక్షకు ఏ విషయంలోనైనా పట్టభద్రులైతే చాలు. ప్రభుత్వ పాలన అక్కడ మెయిన్స్‌లో ఎంచుకోదగిన ఐచ్ఛిక విషయాల్లో ఒకటి మాత్రమే. పాలన, నీతి, రాజ్యాంగం వంటి అంశాలు జనరల్ స్టడీస్‌లోనూ ఉన్నందున ఈ చదువు కొంత అక్కరకు వస్తుంది, అంతకుమించి హామీ ఏదీ ఇవ్వదు. మెయిన్స్ జవాబులు తెలుగులో రాసే వీలు ఉంది. గుజరాత్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ పరీక్షల్లో మాత్రం గుజరాతీ తప్పించుకోలేనిది. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ మాట్లాడుతూ పెరిగిన పిల్లలు డిగ్రీ గురించి ఆలోచించే ముందే గుజరాతీ రాయడంపై పట్టు సాధించడం మంచిది.

ఇక తెలంగాణకు తిరిగి వెళ్లి ఉద్యోగం సంపాదించాలనుకునేవారు గమనించవలసినది మరొకటి ఉంది. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం అక్కడి జిల్లా, జోనల్, మల్టీజోనల్ ఉద్యోగాల్లో 95 శాతం స్థానికులకే. ఒకటి నుంచి ఏడో తరగతి వరకు చదివిన ప్రాంతాన్ని బట్టి స్థానికత నిర్ణయమవుతుంది. సూరత్‌లో బడి చదువు ముగించినవారు, ఇంటిపేరు ఎంత తెలంగాణదైనా, సాధారణంగా మిగిలిన 5 శాతం కోసమే పోటీ పడవలసి వస్తుంది. ఈ సంగతి చాలామందికి దరఖాస్తు నింపే రోజున తెలుస్తోంది.

అందుబాటులో ఉన్న చదువులు

కడోదరాకు అతి సమీపంలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయం సూరత్‌లోని వీర్ నర్మద్ దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయం. 1965లో ఏర్పడిన ఈ సంస్థలో సామాజిక శాస్త్రాలకు సంబంధించిన పీజీ విభాగాలు ఉన్నాయి. ఇంటి నుంచే వెళ్లి రాగలగడం పేద కుటుంబానికి చిన్న విషయం కాదు.

పగలు పని మానలేనివారికి ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం దారి చూపుతుంది. ఇగ్నో ప్రభుత్వ పాలనలో ఎం.ఏ.ను, సోషల్ వర్క్‌లో ఎం.ఎస్.డబ్ల్యూ.ను దూరవిద్యలో అందిస్తోంది. రెండేళ్ల కోర్సును నాలుగేళ్ల వరకు సాగదీసుకోవచ్చు. ఎం.ఎస్.డబ్ల్యూ.లో క్షేత్రస్థాయి పని తప్పనిసరి కాబట్టి సెలవు దొరకదనుకునేవారు ముందే ఆలోచించుకోవాలి. హైదరాబాద్‌లోని డాక్టర్ బి.ఆర్.అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం తెలుగు మాధ్యమంలో బి.ఏ. అందిస్తున్నా, రాష్ట్ర సార్వత్రిక విశ్వవిద్యాలయాలు తమ రాష్ట్ర పరిధి దాటి కేంద్రాలు నడపరాదు. కాబట్టి సూరత్‌లో ఉంటూ దానిని చదవడం అంత సులభం కాదు. దూరవిద్య ఏదైనా యూజీసీ దూరవిద్యా బ్యూరో గుర్తింపు జాబితాలో ఆ సంవత్సరానికి ఆ కోర్సు ఉందో లేదో సరిచూసుకున్న తర్వాతే రుసుము కట్టాలి. నిరుటి గుర్తింపు ఈ ఏడాదికి చెల్లకపోవచ్చు.

సేవారంగానికి ఏది తగినది?

స్వచ్ఛంద సంస్థ నడపడమంటే మంచి మనసు ఉంటే చాలుననుకునే కాలం పోయింది. గుజరాత్‌లో ట్రస్టుగా, సొసైటీగా, లేదా కంపెనీల చట్టం 8వ సెక్షన్ కింద నమోదు కావడం మొదటి మెట్టు. ఆదాయపు పన్ను చట్టం కింద నమోదు, దాతలకు పన్ను మినహాయింపు, విదేశీ విరాళాలైతే 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి, ఏటా ఆడిట్. వీటిలో ఒక్కటి తప్పినా సంస్థ నిధులు ఆగిపోతాయి.

మరోవైపు 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ కొత్త తలుపు తెరిచింది. నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవరు 1000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్ల రూపాయలు దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. పరిశ్రమలు కిక్కిరిసిన సూరత్ జిల్లాలో ఈ లెక్క తెలిసినవారి అవసరం ఉంటుంది. ప్రతిపాదన రాయగలగడం, బడ్జెట్ వేయగలగడం, ఖర్చు పెట్టిన సొమ్ము ఫలితం చూపగలగడం ఇక్కడ పనికివచ్చే విద్యలు.

వీటిని నేర్పే సంస్థలు గుజరాత్‌లోనే ఉన్నాయి. వడోదరలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయపు సోషల్ వర్క్ ఫ్యాకల్టీ దేశంలోని పాతవాటిలో ఒకటి. 1920లో గాంధీజీ స్థాపించిన గుజరాత్ విద్యాపీఠ్ అహ్మదాబాద్‌లో ఉంది. ఆనంద్‌లో వర్గీస్ కురియన్ 1979లో నెలకొల్పిన గ్రామీణ నిర్వహణ సంస్థ ‘ఇర్మా’, 2025లో పార్లమెంటు చేసిన చట్టంతో త్రిభువన్ సహకారీ విశ్వవిద్యాలయంలో భాగమైంది. సహకార సంఘాలు నడపడం నేర్చుకోవాలంటే ఇంతకన్నా అనువైన చోటు దేశంలో అరుదు. నేతపనివారి సంఘాలు చూసిన తెలుగు కుటుంబాల పిల్లలకు ఈ విద్య పరాయిది కాదు. ముంబయిలో 1936లో మొదలైన టాటా సామాజిక శాస్త్రాల సంస్థ సోషల్ వర్క్‌తో పాటు సామాజిక వ్యవస్థాపనలోనూ ఎం.ఏ. నడుపుతోంది. పోటీ ఎక్కువ.

విదేశాల్లో ఈ రెండు చదువులు వేర్వేరు డిగ్రీలుగా స్థిరపడ్డాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్ విశ్వవిద్యాలయం మాక్స్‌వెల్ స్కూల్ 1924 నుంచి ప్రభుత్వ పాలన బోధిస్తోంది. దాతృత్వాన్నే అధ్యయన విషయంగా చేసుకున్న లిల్లీ ఫ్యామిలీ స్కూల్ ఇండియానా విశ్వవిద్యాలయంలో ఉంది. అప్పు చేసి వెళ్లదలచినవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి: సేవారంగపు జీతాలతో విద్యారుణం తీర్చడం అక్కడైనా, ఇక్కడైనా తేలిక కాదు.

రెగ్యులర్ డిగ్రీతో పాటు దూరవిద్యలో మరో డిగ్రీ ఏకకాలంలో చదవడానికి 2022లో యూజీసీ అనుమతించింది. సూరత్‌లో బి.కాం. చదువుతున్న విద్యార్థి ఇగ్నోలో ప్రభుత్వ పాలన బి.ఏ.కూ చేరవచ్చు. జమాఖర్చులు చదవడం తెలిసిన పాలనా శాస్త్ర పట్టభద్రుడికి నగరపాలికలోనూ, ట్రస్టు కార్యాలయంలోనూ పని వెతుక్కోవడం సులభం. ఇగ్నో ప్రవేశాలు సాధారణంగా ఏటా జనవరి, జులై విడతలుగా జరుగుతాయి.