లాభం ఒక తట్టలో, ఎండలు మరో తట్టలో

విదేశీ పెట్టుబడి వస్తుందనగానే మనం ఉద్యోగాలెన్ని అని అడుగుతాం. పొగ ఎంత అని అడగటం మరచిపోతాం. గోదావరికి ఇరువైపులా ఉన్న ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ బొగ్గుగనుల సీమలో ఈ రెండో ప్రశ్నకూ సమాధానముంది.

రామగుండం ఎన్‌టీపీసీ విద్యుత్ కేంద్రం ప్రపంచ బ్యాంకు రుణ సహాయంతో నిర్మితమైంది. 1983లో తొలి యూనిట్ మొదలైంది. అది ఇళ్లకు వెలుగునిచ్చింది. బొగ్గు మంటనూ దశాబ్దాలపాటు స్థిరపరచింది.

అదే పట్టణంలో బొగ్గుతో యూరియా తయారుచేసిన పాత కర్మాగారం 1999లో మూతపడింది. అక్కడే 2021లో ఉత్పత్తి ప్రారంభించిన ఆర్‌ఎఫ్‌సీఎల్‌లో డెన్మార్క్‌కు చెందిన హాల్డర్ టాప్సో బృందానికి 11.7 శాతం వాటా ఉంది. ఇక్కడి ముడిసరుకు సహజవాయువు. బొగ్గుతో పోలిస్తే కర్బన ఉద్గారాలు బాగా తక్కువ. అయినా సున్నా కాదు. యూరియాలో ఇమిడిన కార్బన్ పొలంలో చల్లాక తిరిగి గాలిలో కలుస్తుంది.

కనుక పరాయి ధనం స్వతహాగా మేలూ కాదు, కీడూ కాదు. అది ఏ ఇంధనాన్ని వెంట తెస్తున్నదన్నదే ముఖ్యం. ఎంచుకోవలసింది ప్రభుత్వాలు, ప్రశ్నించవలసింది మనం.

దివ్యఖుర్ఆన్ ఆకాశాన్ని ప్రస్తావించిన చోటే మీజాన్‌నూ, తూకంలో న్యాయాన్నీ బోధించింది (55:7-9). ఆ తూకం అంగడికే పరిమితం కాదు. లాభాన్ని ఒక తట్టలో వేసినప్పుడు, మన పిల్లలు భరించబోయే ఎండలను రెండో తట్టలో ఉంచాలి. ఈ భూమి మన సొత్తు కాదు, అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు.